కార్పెట్ కింద ఉప్పు

ప్రిస్కిల్లా టీచరు జ్ఞాపకార్థ కూడికలో మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ ఒకే మాట చెప్పారు. కోపమంటే ఏమిటో ఎరగని తల్లి అన్నారు. శాంతమూర్తి అన్నారు. సంఘపెద్ద ఒకాయన కళ్లు తుడుచుకుని మరీ, "ఆవిడ నోటివెంట ఒక్క కటువైన మాట నేను వినలేదు" అన్నాడు. ఆ పెద్దమనిషిని ఆమె తన వాకిట్లో నిలబెట్టి కడిగేసిన రోజున వీధి వీధంతా విన్నది. పోయినవాళ్లు లేచి కాదనలేరు కదా అని ఏమైనా చెబుతారు. ప్రిస్కిల్లాకు కోపం ఉంది. చివరి ఏళ్లలో ఆమెను లేపి కూర్చోబెట్టిందీ, బస్సెక్కించిందీ, అన్నం తినిపించిందీ ఆ కోపమే. దాన్ని కూడా పూలదండల కింద పెట్టి మూసేస్తామంటే ఎలా?

నిజమే, అంతకుముందు ఆమెకు కోపం వచ్చేది కాదు. తండ్రి ముసలయ్య పరాయివాళ్ల చేలో పనిచేసిన మనిషి. కూతుర్ని రాజమండ్రిలో టీచరు ట్రైనింగు చదివించడానికి ఆయన ఎవరెవరి ముందు నిలబడ్డాడో ఆమెకు తెలుసు. అందుకే నలుగురిలో గొంతు పెంచకుండా బతకడం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటైపోయింది. భీమవరం దగ్గర మిషన్ బడిలో తెలుగు చెప్పింది. ఆదివారాలు లూథరన్ గుడిలో పిల్లలకు సండే స్కూలు నడిపింది. పిల్లలు ఆమెకు భయపడేవారు కాదు గాని, ఆమె ముందు తప్పు చెయ్యడానికి సిగ్గుపడేవారు.

భర్త విజయ్ పాల్ కాలవల డిపార్టుమెంటులో లస్కరు. గట్ల వెంబడి సైకిలు మీద తిరుగుతూ లాకులు ఎత్తించడం, దించడం ఆయన ఉద్యోగం. ఎండలో నల్లబడి, తుమ్మమొద్దులా ఉండేవాడు. నోరు తెరిస్తే జోకు. రిటైరైన కొన్నాళ్లకే పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట కొంచెం ముద్దగా వచ్చేది గాని వేళాకోళం మాత్రం ఎక్కడా తగ్గలేదు.

వారం వారం ఆయన్ని భీమవరంలో ఫిజియోథెరపీకి తీసుకువెళ్లాలి. షేరు ఆటోలో ఆయన్ని ఎక్కించడమంటే ధాన్యం బస్తాను ఎక్కించినట్టే. ఒకడు చంకలో చెయ్యి వేసి లాగేవాడు, ఇంకొకడు వెనకనుంచి తోసేవాడు. లోపల కూర్చున్నవాళ్లు గడియారం చూసుకునేవారు. ఒకసారి ఆయన పంచె ఊడిపోయింది. ఆటోలో ఉన్న కాలేజీ పిల్లలు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ప్రిస్కిల్లా నవ్వలేదు. ఇంటికి వచ్చి, "మనం కారు కొనుక్కుందామండీ" అంది.

"నడిపేదెవరు? నా ఎడంచెయ్యా?" అన్నాడు విజయ్ పాల్.

"నేను."

రిటైరయ్యాక ఆడమనిషి డ్రైవింగు స్కూలుకు వెళ్లి క్లచ్చు, గేరు నేర్చుకుంది. చెరువు గట్ల మధ్య రోడ్ల మీద చేపల మేత లారీలకు దారిస్తూ, చెమటలు కక్కుతూ నేర్చుకుంది. లైసెన్సు వచ్చిన రోజున విజయ్ పాల్ ఎడంచేత్తో సెల్యూట్ చేశాడు.

కారు ఎవరి దగ్గర కొనాలన్న ఆలోచనే రాలేదు. బైపాస్ రోడ్డులో సెకండ్ హ్యాండ్ కార్ల యార్డు ఉన్న ఫిన్నీ వాళ్ల గుడి మనిషే. సండే స్కూల్లో ఆమె దగ్గర వాక్యాలు వల్లెవేసినవాడు. ఇప్పుడు గుడికి కోశాధికారి, సంఘపెద్దల్లో ఒకరికి అల్లుడు. గుడికి కొత్త సౌండ్ బాక్సులు కొనిచ్చినవాడు. తెల్లచొక్కా వేసుకుని, పాటలు పాడే కొయిర్‌లో ముందు వరసలో నిలబడేవాడు.

"టీచరు గారండీ, మీకు ఎలాంటి బండి పడితే అలాంటిది ఇస్తానా? ఒక లెక్చరర్ గారి బండి ఉందండి. ఊళ్లో తిరగడమే తప్ప బయటికి పోనిది. దాన్ని మీకోసమే ఆపానండి" అన్నాడు.

బూడిదరంగు చిన్న కారు. లోపల మల్లెపూల సెంటు ఘుమఘుమలాడుతోంది. కాగితం మీద 'ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని తీసుకున్నాను' అని రాసి ఉన్నచోట ఆమె సంతకం పెట్టింది. ఇంజను చప్పుడు విన్నది గాని కింద వంగి చూడలేదు. మనవాడు కదా.

ఆ గుడిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు బండి కొన్నా, అది మోపెడ్ అయినా లారీ అయినా, ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ముందు పెడతారు. పాస్టరు అయ్యగారు బానెట్ మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. కొన్నవాళ్లు కృతజ్ఞతార్పణ వేసి సాక్ష్యం చెబుతారు. ఆ రోజు ప్రిస్కిల్లా నాలుగు మాటలు చెప్పి మైకు ఇవ్వబోతే, ఫిన్నీ వచ్చి అందుకున్నాడు.

"నాకు వాక్యం నేర్పిన తల్లికి బండి ఇచ్చే భాగ్యం దేవుడు నాకిచ్చాడండి. ఈ బండి మీద లాభం చూసుకోలేదండి. లెక్చరర్ గారి బండి. ఉప్పునీటి గాలి కూడా సోకని బండి. నేనే దగ్గరుండి లోపల నేలంతా కడిగించి, కొత్త కార్పెట్ వేయించాను. నా సొంత తల్లిని కూర్చోబెట్టినట్టే కూర్చోబెడుతున్నానండి" అన్నాడు.

గుడి నిండా ఉన్న జనం ఆమెన్ అన్నారు. అయ్యగారి భార్య సారిక కారు అద్దానికి పూలగుత్తి కట్టింది.

కొన్ని వారాలు అంతా బాగానే ఉంది. విజయ్ పాల్ ముందు సీట్లో దర్జాగా కూర్చుని, కాలవ కనిపించినప్పుడల్లా నీటిమట్టం చెప్పేవాడు. ఒకరోజు భీమవరం జేపీ రోడ్డులో ఫిజియోథెరపీ క్లినిక్ ముందు కారు ఆగింది. ఆయన దిగడానికి చేతికర్రను కాళ్ల దగ్గర ఆనించి, బరువంతా దానిమీద వేశాడు. టప్పుమని చప్పుడైంది. కర్ర కార్పెట్‌ను చీల్చుకుని, కారు నేల రేకును చీల్చుకుని, రోడ్డుకు తగిలింది. ఆయన పట్టు తప్పి ముందుకు తూలి, డాష్‌బోర్డుకు నుదురు కొట్టుకున్నాడు.

ప్రిస్కిల్లా పరిగెత్తుకొచ్చేసరికి నుదుటిమీద బొప్పి కట్టింది. ఆయన కిందికి చూస్తున్నాడు.

"ప్రిస్కీ, మన కారుకి కింద కూడా తలుపుందే!"

స్టాండులో ఆటోవాళ్లు మూగారు. "మాస్టారూ, ఇది కాళ్లతో తొక్కే మోడలండీ. పెట్రోలు అక్కర్లేదు" అన్నాడు ఒకడు. అందరూ గొల్లుమన్నారు. ఇంకొకడు మాత్రం వంగి చూసి, నవ్వు ఆపేసి, "అమ్మా, కర్ర కాబట్టి సరిపోయిందండి. బండి స్పీడులో ఉండగా పెద్దాయన కాలు దిగిపోతే?" అన్నాడు.

ప్రిస్కిల్లా వంగి, ఆ కన్నంలోంచి రోడ్డును చూసింది.

కారును దుర్గాసాయి షెడ్డుకు తోసుకెళ్లారు. అతను సీట్లు విప్పి కొత్త కార్పెట్ పీకాడు. పీకగానే గుప్పుమంది. ఆ వాసన ఏమిటని భీమవరంలో ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. మల్లెపూల సెంటు కింద రొయ్యల కంపు. నేల రేకు మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. దానిమీద నల్ల తారు పూసి, పల్చటి ప్లాస్టిక్ షీటు అంటించి, పైన కార్పెట్ పరిచారు. సీటు బోల్టు సందులో ఎండిపోయిన రొయ్య తలకాయ ఒకటి ఇరుక్కుని ఉంది.

"ఇది రొయ్యలు మోసిన బండండి. ట్రేల్లో ఐసు కరిగి, ఉప్పునీళ్లు రోజూ కారి ఉంటాయి. బ్రేకు పైపు కూడా తినేసిందండి, చూడండి" అన్నాడు దుర్గాసాయి.

ఆర్‌సీలో ఉన్న పాత పేరు పట్టుకుని ఆరా తీస్తే, ఆయన లెక్చరరు కాదు, ఆకివీడు దగ్గర చెరువుల మీద సరుకు కొనే ఏజెంటు. ప్రిస్కిల్లా ఆటో ఎక్కి తిన్నగా యార్డుకు వెళ్లింది.

ఫిన్నీ కుర్చీ వేయించాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు. ఆమె కూర్చోలేదు, తాగలేదు.

"ఫిన్నీ, ఆ కారు రొయ్యలు మోసిందని నీకు తెలుసా, తెలియదా?"

"టీచరు గారండీ, సెకండ్ హ్యాండ్ అన్నాక చిన్నచిన్నవి ఉంటాయండి. కొత్తదే కావాలంటే షోరూముకి వెళ్లాలి కదండి."

"నేనడిగింది అది కాదు. తెలుసా, తెలియదా?"

"మీరు ఉన్నది ఉన్నట్టు తీసుకున్నానని సంతకం పెట్టారండి. అసలు నేను మధ్యవర్తినండి. బండి నాదా? ఓనరుది. అడిగితే ఆయన్నడగాలి."

"మరి గుళ్లో మైకు పట్టుకుని నేనిస్తున్నానన్నావే. అప్పుడు మధ్యవర్తివి కావా?"

"అది సాక్ష్యమండీ. గుళ్లో చెప్పిన మాటకీ వ్యాపారానికీ ముడిపెడతారేంటండి?"

ఆమె మొహం ఎర్రబడింది. "నాకు నువ్వు కూల్‌డ్రింక్ ఇవ్వక్కర్లేదు. కారు వెనక్కి తీసుకో. ఏ గుళ్లో అబద్ధం చెప్పావో ఆ గుళ్లోనే లేచి, తెలిసీ దాచానని చెప్పు. నాకు కావలసింది అదే" అంది.

ఫిన్నీ నవ్వాడు. "మీరింకా నన్ను సండే స్కూల్లోనే ఉన్నాననుకుంటున్నారండీ" అన్నాడు.

ఆ వారమే అయ్యగారు ఇద్దర్నీ తన గదిలోకి పిలిచారు. ఫిన్నీ మామగారు, మరో ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. విశ్వాసులు ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కకూడదని, ఇంటిమాట బయటి న్యాయాధిపతుల ముందుకు తీసుకెళ్లడం సంఘానికి సిగ్గని అయ్యగారు చెప్పారు. ఫిన్నీ తల వంచుకుని, "బండి ఇవ్వమనండి. నా ఖర్చుతో బాగు చేయించి ఇస్తానండి" అన్నాడు. మామగారు వెంటనే, "చూశారా టీచరు గారూ, మావాడు మనసు ఎంత మెత్తనో" అన్నాడు. అందరూ మోకాళ్లమీద ఉండి ప్రార్థన చేశారు. లేచాక ఆమె కారు తాళాలు ఫిన్నీ చేతిలో పెట్టింది.

బయటివాడైతే ఇచ్చేది కాదు. మోకాళ్ల మీదనుంచి అప్పుడే లేచిన మనిషి మోసం చేస్తాడని ఆమెకు తట్టలేదు.

కారు తిరిగి వచ్చింది. నేలమీద కొత్త రేకు అతికించి వెల్డింగ్ చేశారు. నీళ్లతో కడిగి, రంగు వేసి, దానిమీద మళ్లీ కార్పెట్ వేశారు. ఉప్పు లేదు, కంపు లేదు, రొయ్య తలకాయ లేదు. బ్రేకు పైపు మాత్రం పాతదే. దుర్గాసాయి చూసి, "ఫోటోలు తీశారా అమ్మా, అప్పుడు?" అని అడిగాడు. తియ్యలేదు. గుడి యూత్ వాట్సాప్ గ్రూపులో కారు ప్రార్థన వీడియో ఉందని గుర్తొచ్చి ఫోను తీసి వెతికింది. ఎవరో తీసేశారు.

"రుజువులన్నీ దొంగకే ఇచ్చి కడిగి ఆరబెట్టమన్నామన్నమాట" అన్నాడు విజయ్ పాల్. ఆయన జోకుకి ఆమె మొదటిసారి గయ్యిమంది. "నోరు ముయ్యండి! మీకన్నీ వేళాకోళాలే!" అని అరిచి, వంటింట్లోకి పోయింది. కాసేపటికి ఆయన కర్ర టకటకలాడించుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు.

"ఇంత కోపం ఉందా నీ దగ్గర? ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే?" అన్నాడు. "నా మీద ఎందుకు పారేసుకుంటావు. పనికొచ్చేచోట వాడు."

మర్నాడు ఆమె భీమవరంలో లాయరు సత్యవాణి ఆఫీసుకు వెళ్లింది. సత్యవాణి కోమట్ల అమ్మాయి. తండ్రిది బజార్లో ఇనుప సామాన్ల కొట్టు. కొన్నవాడు తిరిగొచ్చి గొడవపడితే ఎలా ఉంటుందో పుట్టినప్పటినుంచీ చూసిన మనిషి. కథంతా విని కళ్లజోడు తీసింది.

"పోలీసు కేసు పెట్టొచ్చండి, మోసం కింద. స్టేషన్లో కూర్చోబెట్టి రాజీ చేసుకోమంటారు. సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు, చాలా కాలం పడుతుంది. మీకు సరైనది వినియోగదారుల కమిషన్. కొన్న రెండేళ్లలోపు వెయ్యాలి. మీరు ఉంటున్న జిల్లాలోనే వెయ్యొచ్చు. లాయరు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు కూడా. ముందు నోటీసు ఇద్దాం."

"ఉన్నది ఉన్నట్టు అని సంతకం పెట్టానమ్మా."

"ఉన్నది చూపిస్తే కదండీ ఉన్నట్టు తీసుకునేది? తెలిసి దాచినదానికి ఆ సంతకం అడ్డు రాదు. మధ్యవర్తినన్నాడా? రసీదు తన యార్డు పేరుమీద ఇచ్చాడు, సరుకు తనే మెచ్చుకుని అమ్మాడు. తప్పించుకోలేడు."

"రేకు వేసేశాడు. ఏమీ మిగల్లేదు."

"ఎందుకు మిగల్లేదు? బాగున్న నేలకి రేకెవరు వేస్తారండీ? పాతది కోసి తియ్యకుండా పైన అతికించాడు. కింద తుప్పు అలాగే ఉంటుంది. కమిషన్‌ని అడిగి ఇంజినీరు చేత విప్పిద్దాం. కష్టం అక్కడ కాదు." సత్యవాణి కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "నాకేం తెలుసు, నేనూ మోసపోయానంటాడు. అతనికి ముందే తెలుసని ఎలా చెబుతాం?"

ప్రిస్కిల్లా గుడిలో ఫిన్నీ చెప్పిన సాక్ష్యం పొల్లుపోకుండా చెప్పింది. సత్యవాణి ఒక్కసారిగా చెయ్యెత్తి ఆపింది.

"ఆగండి. నేలంతా దగ్గరుండి కడిగించానన్నాడా? తనే? మైకులో?"

"గుడి నిండా జనం విన్నారమ్మా."

"నేల కడిగించినవాడికి నేల కనబడలేదా! ఇంకేం కావాలండీ? విన్నవాళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ప్రమాణపత్రం మీద సంతకం పెడితే చాలు."

ఒక్కరే కదా అనుకుని ప్రిస్కిల్లా ధైర్యంగానే ఇల్లిల్లూ తిరిగింది. మొదటి ఇంట్లో టీ ఇచ్చి, "మా అమ్మాయి ప్రధానానికి ఫిన్నీ కార్లు పంపుతానన్నాడు టీచరు గారూ, ఇప్పుడు నేనెలాగండి" అన్నారు. రెండో ఇంట్లో పెద్దాయన చెవి చూపించి, ఆ రోజు సౌండు సరిగ్గా వినబడలేదన్నాడు. ఆ సౌండ్ బాక్సులు ఫిన్నీవేనని ఆమె గుర్తుచేస్తే, "అదేనండి మరి, కొత్తవి కదండి" అన్నాడు. ఇంకొకావిడ తలుపు సగమే తీసి, "విన్నానండి. వింటే విన్నాం గాని, కోర్టులో చెప్పాలా ఏంటి?" అంది. గుడి ఊడ్చే రత్తమ్మ ఒక్కతే నిజం చెప్పింది. "అమ్మా, నేను చెబితే రేపు చీపురు ఇంకొకళ్ల చేతిలో ఉంటది. నా కడుపు మీద కొట్టకండమ్మా." ఆమె మీద ప్రిస్కిల్లాకు కోపం రాలేదు. మిగతావాళ్లందరి మీదా వచ్చింది. వాళ్లలో సగంమందికి అక్షరాలు దిద్దించింది తనే.

కేసు వేసింది. నోటీసుకు ఫిన్నీ, తాను కారు గురించి ఎక్కడా ఏ మాటా చెప్పలేదని జవాబు రాయించాడు. గుడిలో ఆమెకు పలకరింపులు తగ్గిపోయాయి. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు పక్కవాళ్లకు చెయ్యి ఇచ్చి 'సమాధానం', అంటే మన మధ్య శాంతి ఉందని, చెప్పుకోవడం అక్కడి పద్ధతి. ఆమె బెంచీలో పక్కన కూర్చునేవాళ్లే లేకపోయారు. సహోదరుడితో సమాధానపడేదాకా బల్లకు రాకుండా ఉంటే మంచిదని ఒక పెద్ద కబురు పంపాడు. ఆ ఆదివారం ఆమె అందరికంటే ముందు వెళ్లి మోకరించింది. అయ్యగారి చెయ్యి ఒక క్షణం ఆగింది. ఆమె తలెత్తి ఆయన కళ్లలోకే చూసింది. ఆయన రొట్టె ఇచ్చాడు.

కేసు నడుస్తుండగానే విజయ్ పాల్ పోయాడు. రెండోసారి పక్షవాతం వచ్చింది. అప్పటికి కారు ఇంటి ముందే పడి ఉంది, ఆయన మళ్లీ షేరు ఆటోల్లోనే తిరుగుతున్నాడు. చివరిసారి క్లినిక్‌కు వెళ్లినప్పుడు కూడా ఎవరో చంకలో చెయ్యి వేసి లాగారు, ఎవరో వెనకనుంచి తోశారు. ఆమెకు అది జీవితాంతం కళ్లముందు ఉండిపోయింది.

సమాధి కార్యక్రమానికి ఫిన్నీ తన కార్లు పంపించాడు. ఆమె వాటిని వీధి మొదట్లోంచే వెనక్కి పంపేసింది. శవపేటికను మనుషులు భుజాలమీద మోసుకెళ్లారు.

కొద్దిరోజులకు ఫిన్నీ మామగారు ఇద్దరు పెద్దలతో పరామర్శకు వచ్చాడు. ప్రార్థన చేశాడు. అరటిపళ్లు పెట్టాడు. అందరూ వాకిట్లోకి వచ్చాక గొంతు తగ్గించి, "ఏమ్మా, ఇంక కారెక్కే మనిషే లేడు కదా. ఇంకా ఆ కేసెందుకమ్మా?" అన్నాడు.

ప్రిస్కిల్లా లోపలికి వెళ్లి, ఆయన పెట్టిన అరటిపళ్ల అత్తం తీసుకొచ్చింది. తర్వాత వచ్చిన మాటలు ఆ వీధిలో అంతకుముందు ఎవరూ ఆమె నోట విననివి.

"కారెక్కే మనిషి లేడా? ఉన్నప్పుడు ఎక్కనిచ్చారా మీరు? ఆయన కాలు రోడ్డుమీద ఈడ్చుకుపోయి తెగి ఉంటే ఆమెన్ అనేవాళ్లా? మీ అల్లుడు అబద్ధం చెబుతుంటే ముందు వరసలో కూర్చుని తలూపిన తల ఇదే కదా? ఈ తలతోనా నా భర్తకి ప్రార్థన చేస్తున్నారు? నా మొగుడు చస్తే మీ కేసు చస్తుందనుకున్నారా! తీసుకెళ్లండి మీ అరటిపళ్లు!"

అత్తం బయటికి విసిరేసింది. పళ్లు మురుగు కాలవలో పడ్డాయి. ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు గేట్ల దగ్గర నిలబడిపోయారు. పెద్దలు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్లిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం ఎండలో సారిక వచ్చింది. అయ్యగారి భార్య ఒంటరిగా ఎవరింటికీ వెళ్లదు. వచ్చి నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, "ఆంటీ, నిన్న మీరన్నవన్నీ మా ఇంటిదాకా వచ్చాయండి" అంది.

"తిట్టడానికి వచ్చావా అమ్మా?"

"కాదండి. నేను విన్నాను. ఆ రోజు కారు పక్కనే ఉన్నాను కదండీ, పూలు కడుతూ. ఉప్పునీటి గాలి సోకలేదన్నాడు, నేల కడిగించానన్నాడు. అన్నీ విన్నాను. ఎక్కడ సంతకం పెట్టాలండీ?"

ప్రిస్కిల్లా ఆమె వంక చూసింది. "మీ ఆయన్ని ఇక్కడ ఉండనివ్వరమ్మా. తెలుసా?"

"తెలుసండి. రాత్రి ఇంట్లో పెద్ద గొడవైంది. అయినా..." సారిక గుమ్మంలో కూర్చుంది. "మా పిల్లలు నన్ను అడుగుతున్నారండి, అమ్మా, నువ్వు కూడా విన్నావా అని."

కమిషన్ నియమించిన ఇంజినీరు వచ్చి, వెల్డింగ్ రేకును కట్టర్‌తో కోయించాడు. కింద పాత నేల వేలితో పొడిస్తే రాలిపోయింది. సారిక ప్రమాణపత్రం దాఖలైంది. అప్పుడు ఫిన్నీ లాయరు దారి మార్చాడు. కారు వెనక్కి తీసుకుని డబ్బంతా ఇచ్చేస్తామని, కాకపోతే ఎవరి తప్పూ లేకుండా స్నేహపూర్వకంగా రాజీపడినట్టు రాసుకుందామని అన్నాడు. సత్యవాణి కూడా, "ఆలోచించండి, వచ్చేది వస్తుంది, తిరగడం తప్పుతుంది" అంది.

"ఎవరి తప్పూ లేకపోతే ఆ నేలకి బొక్క ఎవరు పెట్టారమ్మా, నా మొగుడి కర్రా?" అంది ప్రిస్కిల్లా. కమిషన్ అధ్యక్షుడు ఆమెనే అడిగినప్పుడు కూడా లేచి నిలబడి, "రాజీ వద్దండి. అతనికి తెలుసో తెలియదో మీరు రాయండి. తెలియదని రాస్తే నేను ఇంటికి పోతాను" అంది.

తీర్పులో రాశారు. ప్రతివాది కారు నేల స్థితిని స్వయంగా చూసి, తెలిసి, కొనుగోలుదారు నుంచి దాచిపెట్టాడని రాశారు. కారు వెనక్కి తీసుకోవాలని, ధర, వడ్డీ, నష్టపరిహారం ఇవ్వాలని రాశారు. ఇంగ్లీషులో ఉన్న ఆ పేరాను ఆమె సత్యవాణి చేత తెలుగులో మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. అంతకుముందే అయ్యగారికి తుని వైపు ఒక చిన్న సంఘానికి బదిలీ అయింది. సారిక వెళ్లే ముందు వచ్చి కావలించుకుని ఏడ్చింది.

ఫిన్నీ పైకోర్టుకు పోతానని కొన్నాళ్లు ఊరంతా చెప్పుకుని, పోలేదు. ఒకరోజు లాగుడు బండి తెచ్చుకుని, కారు తీసుకెళ్లడానికి తనే వచ్చాడు. గొలుసులు తగిలిస్తుంటే ప్రిస్కిల్లా గేటు దగ్గర నిలబడి చూసింది.

"ఇప్పుడు సంతోషమేనా టీచరు గారూ?" అన్నాడు.

"నీకు తెలుసా, తెలియదా?"

"అంతా అయిపోయాక ఇంకేంటండీ?"

"నేనింకా అడుగుతూనే ఉన్నాను."

లాగుడు బండి డ్రైవరు పని ఆపి ఇటు చూశాడు. ఫిన్నీ చెవి గోక్కున్నాడు. రోడ్డు వైపు చూశాడు.

"తెలుసండి. అందరూ అలాగే అమ్ముతారండి. చెరువుల మీద తిరిగిన బళ్లన్నీ అంతే. మీరు కింద చూడరనుకున్నాను. సరేనా అండీ?"

ఆమె గేటు మూసేసింది.

ఆ తర్వాతి ప్రభువు బల్ల ఆదివారానికి ముందు పెద్దలు మళ్లీ కబురు పెట్టారు. వాడు మీ దగ్గర ఒప్పుకున్నాడట కదా, ఇక చెయ్యి ఇచ్చి సమాధానం చెప్పండి, సంఘం ఒక్కటైనట్టు కనబడాలి అన్నారు.

"గేటు దగ్గర ఒప్పుకున్నాడండి, నిజమే. అబద్ధం చెప్పింది గేటు దగ్గర కాదు. మైకు ఎక్కడుందో వాడికి తెలుసు" అంది ప్రిస్కిల్లా.

ఆ ఆదివారం ఫిన్నీ ఆమె బెంచీ దాకా వచ్చి చెయ్యి చాపాడు. గుడి అంతా చూస్తోంది. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, మైకు వైపు చూపించినట్టు గడ్డం ఎత్తింది. అతను చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాతి నెలా అంతే. ఆ తర్వాతా అంతే. ఆమె బతికున్నంత కాలం అతను మైకు దగ్గరికి పాడటానికి వెళ్లాడు గాని ఆ మాట చెప్పడానికి వెళ్లలేదు. ఆమె చెయ్యి ఇవ్వలేదు.